అచ్యుతరామయ్యగారి తూకం

ప్రొఫెసర్ అచ్యుతరామయ్యగారు మనిషిని మొదటిసారి చూస్తే పేరడగరు, ఊరడగరు. బరువడుగుతారు. తెలియదంటే, భుజానికి వేలాడే గుడ్డసంచిలోంచి బరువు చూసుకునే మెషిన్ తీసి నేలమీద పెట్టి, "చెప్పులు విప్పి ఎక్కండి" అంటారు. గుళ్ళోకి రమ్మన్నంత మర్యాదగా అంటారు కాబట్టి చాలామంది ఆలోచించకుండా ఎక్కేస్తారు. ఆయన వంగి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, "బాగుంది" అంటారు. నలభైకీ అదే మాట, నూట పదికీ అదే మాట. ఏం బాగుందో ఎక్కినవాళ్ళకి తెలియదు, అడిగే ధైర్యమూ ఉండదు. దిగి చెప్పులేసుకుని వెళ్ళిపోతారు.

ఆ తర్వాత ఆ మనిషిని ఆయన జన్మలో మర్చిపోరు. పేరు మాత్రం గుర్తుండదు. "పొద్దున డెబ్భై రెండు వచ్చి వెళ్ళాడు, వైఫై బాగుచేస్తాట్ట" అని భార్య కమలాదేవితో చెబుతారు. ఆవిడకీ అలవాటైపోయింది. "డెబ్భై రెండా? కిందటిసారి డెబ్భై ఆరన్నారు. పాపం చిక్కిపోయాడు" అని నొచ్చుకుంటుంది. ఆవిడ బరువు మాత్రం ఆయన పెళ్ళయినప్పట్నుంచీ అడగలేదు. ఎంత శాస్త్రజ్ఞుడికైనా ప్రాణం మీద తీపి ఉంటుంది కదా.

ఒకసారి తార్నాక మెట్రో స్టేషన్‌లో సంచులు స్కాన్ చేసే చోట ఆయన్ని ఆపారు.

"ఏంది సార్ గిది, సంచిల?" అన్నాడు సెక్యూరిటీ అతను.

చెబితే అర్థం కాదని అచ్యుతరామయ్యగారు తీసి నేలమీద పెట్టారు. అతను ఎక్కాడు. ముల్లు చూసుకుని, "గింతేనా? మా ఇంట్ల నన్ను దొడ్డోడు దొడ్డోడంటరు సార్" అని మురిసిపోయి, పక్క లైన్లో ఉన్న తోటి ఉద్యోగినిని పిలిచాడు. ఆవిడ వెనకాల కాలేజీ పిల్లలు, వాళ్ళ వెనకాల ఉప్పల్ వెళ్ళాల్సిన ఒక కుటుంబం. పైన రైళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. కింద జనం చెప్పులు చేత్తో పట్టుకుని వరసలో నిలబడ్డారు. చివరికి స్టేషన్ వాళ్ళు వచ్చి ఆయన్ని టికెట్ లేకుండానే లోపలికి పంపేశారు.

ఇంకోసారి హబ్సిగూడలో ఒక కొలీగ్ కూతురి పెళ్ళి. అక్షింతలు వేసి దిగిపోవలసిన మనిషి వేదిక మీదే ఆగి, పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ బరువులడిగి, మనసులో లెక్క కట్టుకుని, మైకు పక్కనే ఉందన్న సంగతి చూసుకోకుండా, "బాగుంది. వీళ్ళిద్దరిలో ఎవరూ ఎవర్నీ తినలేరు" అన్నారు. ఆయన ఇచ్చే దీవెనల్లో అంతకు మించినది లేదని పెళ్ళివారికి ఎవరు చెబుతారు? తార్నాకలో సగంమంది ఆయనకి పిచ్చి అనుకుంటారు. మిగతా సగంమందిని ఆయన ఇంకా తూచలేదు.

నిజానికి అది పిచ్చి కాదు, ముప్పై ఏళ్ళ చదువు. యూనివర్సిటీ జువాలజీ డిపార్ట్‌మెంట్‌లో చేరిన నాటినుంచీ చెరువుల్లో ఎవరు ఎవర్ని తింటారో చూడటమే ఆయన పని. చూసి చూసి ఒక సూత్రం తేల్చారు. పేరుతో పనిలేదు, బరువు చెబితే చాలు, ఎవరి భోజనం ఎవరో చెప్పేయొచ్చు. పెద్దది చిన్నదాన్ని తింటుంది, ఎందుకంటే చిన్నది దాని నోట్లో పడుతుంది. మరీ చిన్నదైతే పట్టించుకోదు, వెంటపడ్డ ఆయాసానికి కూడా సరిపోదు కనక. ఆ సూత్రాన్ని ఆయన చెరువులో వదిలిపెట్టి రాలేక తార్నాకకి తెచ్చుకున్నారు, అంతే.

కౌముది పరిశోధనకి చేరిన రోజున ఆయన ఎప్పట్లాగే మెషిన్ పెట్టారు. మల్కాజ్‌గిరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన పిల్ల, చేతిలో సర్టిఫికెట్ల ఫైలుతోనే ఎక్కింది.

"ఫైలు కింద పెట్టమ్మా. దాని బరువు నాకక్కర్లేదు" అన్నారాయన. పెట్టింది. "నలభై ఎనిమిదా? బాగుంది. కానీ జాగ్రత్త. ఈ యూనివర్సిటీలో నీ సైజువాళ్ళని తినేవాళ్ళు చాలామంది ఉన్నారు."

వెనకాల లాబ్ అటెండర్ మొగిలి గాజు సీసాలు తుడుస్తూ, "భయపడకు మేడమ్. నన్ను నెలకోపారి తూస్తడు. నేనేమన్న ఉల్లిగడ్డల బస్తానా అని అడిగిన. ఉల్లిగడ్డలు గింత మాట్లాడయి అన్నడు" అని ధైర్యం చెప్పాడు.

డిపార్ట్‌మెంట్ వెనక వేపచెట్ల కింద సిమెంటు తొట్లున్నాయి. వాటినిండా వాననీళ్ళు, నాచు, ఈత పురుగులు, తూనీగ పిల్లలు, తోకకప్పలు, చేపపిల్లలు. కౌముది పని వాటిని పట్టి తూచడం, ఏది దేన్ని తింటోందో చూడటం. అచ్యుతరామయ్యగారు తొట్టి దగ్గరికి రారు. గదిలో కూర్చుని, "పేర్లు చెప్పకు, బరువులు చెప్పు" అంటారు. ఆమె చదువుతుంటే కాగితం మీద చుక్కలు పెట్టి గీతలు కలిపి ఇస్తారు. వెళ్ళి చూస్తే తొట్లో అచ్చం అలాగే తింటూ ఉంటాయి. మొదట్లో కౌముదికి ఇది గారడీలా ఉండేది.

"తోకకప్పని తూనీగ పిల్ల తింటుంది, చూశావా?" అనేవారు. "అదే తోకకప్ప నాలుగు వారాలు ఆగి కప్పయితే, ఆ తూనీగనే లటుక్కున మింగుతుంది. అప్పుడూ కప్పా తూనీగే, ఇప్పుడూ కప్పా తూనీగే. మారిందేవిటి? తూకం. అందుకే ఎవరైనా నీకు పేరు చెప్పి భయపెడితే నమ్మకు. బరువడుగు."

అలా మూడు చాప్టర్లు రాసింది కౌముది. మూడూ గురువుగారి సూత్రాన్ని మళ్ళీ మళ్ళీ రుజువు చేసేవే. బాగానే ఉన్నాయి, కానీ ఆయన కిందటేడాది చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కున్నట్టు ఉన్నాయని ఆమెకి లోపల ఒక చిన్న బాధ.

నాలుగోదాని సంగతి వేరు. ఒకరోజు చివరి తొట్లో ఒక నీటి నల్లి, బల్లపరుపుగా ఎండుటాకులా ఉండే పురుగు, తనకి మూడింతల బరువున్న కప్పని ముందుకాళ్ళతో పట్టుకుని తాపీగా తినేస్తూ కనిపించింది. కౌముది పరుగున వెళ్ళి గురువుగారికి చెప్పింది.

"బరువు తప్పు తూచి ఉంటావు" అన్నారాయన. మళ్ళీ తూచింది. "కాటా తప్పు." కాటా మార్చింది. "కప్ప ముందే చచ్చి ఉంటుంది." బతికున్న కప్పని తెచ్చి వేసింది.

చివరికి ఆయనే లేచి తొట్టి దగ్గరికొచ్చారు. మోకాళ్ళమీద కూర్చుని చాలాసేపు చూశారు. "తినట్లేదమ్మా. కౌగిలించుకుంది" అన్నారు.

"గట్లనే కౌగిలించుకుంటే ఇంక గంటల తోలే మిగుల్తది సార్" అన్నాడు మొగిలి.

గంటకి తోలే మిగిలింది. అచ్యుతరామయ్యగారు పంచె దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. వారంపాటు ఎవర్నీ బరువడగలేదు. డిపార్ట్‌మెంట్ అంతా ఆయనకి జ్వరమేమో అనుకుంది. వారం తర్వాత కౌముది గదిలోకి తొంగిచూస్తే, తలెత్తకుండా, "నాలుగో చాప్టర్ నీది. నన్నడక్కు" అన్నారు. కోపమో కాదో ఆమెకి అంతు పట్టలేదు. ఆమె ఆ సీజనంతా నీటి నల్లుల వెంటే పడి నాలుగో చాప్టర్ రాసింది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసింది, ప్రేమగా రాసింది, అదొక్కటే తనదని రాసింది.

థీసిస్ ఇచ్చేసింది. హబ్సిగూడలో ఒక సంస్థలో ఉద్యోగం దాదాపు ఖాయమైంది, డిగ్రీ చేతికొస్తే చేరడమే. వైవా ఒక్కటే మిగిలింది. అది బెడిసికొడితే మళ్ళీ ఏడాది తిరగరాయాలి, ఉద్యోగం ఇంకొకరిది అయిపోతుంది. సరిగ్గా ఆ సమయంలో డిపార్ట్‌మెంట్ హెడ్ సుబ్బరాయుడు ఆమెని పిలిచాడు. ఆయనది కడప వైపు. భారీ మనిషి, భారీ గొంతు. వైవాల్లో ఆయన ప్రశ్న వేస్తే పిల్లలు ఇంటిపేరు మర్చిపోతారని ప్రతీతి.

"ఏం పాపా, నీ ఎగ్జామినర్ ఎవరో తెల్సునా? తిరుపతి వైదేహి మేడమ్. ఆమెకూ మీ సారుకూ ఏండ్ల తరబడి పడదు. యాడ మీటింగ్ జరిగినా ఆమె లేచి మీ సూత్రం తప్పంటాది, ఆయన మీ కాటా తప్పంటాడు. సారు సూత్రం కరెక్టు అని మూడు చాప్టర్లు, తప్పు అని ఒక చాప్టరూ పెట్టి ఆమె ముందరికి పోతే ఏమైతాది?"

"ఏమవుతుంది సార్?"

"నమలదు. మింగేస్తాది. ఆ నాలుగోది వెనక్కి తీసుకుంటానని చెప్పు పో. నీ మంచికే చెప్తాండా." తర్వాత కాస్త గొంతు తగ్గించి, "అదట్లుండనీ, ఆ పొద్దు మధ్యానం మీ సారింటినుంచి క్యారేజీ వస్తాది గదా?" అని అడిగాడు. ఈ ప్రశ్న ఎందుకో కౌముదికి అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే గురువుగారు కొత్త పని చెప్పారు. వైవాకి వచ్చేవాళ్ళ బరువులు కనుక్కోమని.

"సార్, ఎగ్జామినర్‌ని ఎలా అడుగుతాను?"

"ఫోన్లో."

హెడ్‌గారిది సులువే, నూట నాలుగని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. కౌముది వైదేహిగారికి ఫోన్ చేసి, టికెట్ల సంగతి మాట్లాడి, గెస్ట్ హౌస్ సంగతి మాట్లాడి, నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని, "మేడమ్, మా బిల్డింగ్‌లో లిఫ్టు కొంచెం పాతది. మీ బరువు చెబితే..." అంది.

"నలభై మూడు" అంది సన్నటి గొంతు. "నన్ను మోయలేని లిఫ్టయితే, ముందు నీ థీసిస్‌ని మెట్లమీంచి తెప్పించు."

వైవా రోజు పొద్దున్నే కౌముది క్యారేజీలు తేవడానికి తార్నాకలో గురువుగారింటికి వెళ్ళింది. వంటింట్లో కమలాదేవి గారెలు వేస్తోంది. పక్కన పులిహోర, గుమ్మడికాయ దప్పళం, ఇంత గిన్నెడు చక్కెర పొంగలి, గడ్డపెరుగు. పెళ్ళికి వండినట్టుంది.

"ఎవరికాంటీ ఇదంతా?"

"సుబ్బరాయుడికి. మీ సారు నీకు చెప్పలేదా?" అంది ఆవిడ. "శిష్యులందరి వైవాలకీ నేనే వండానే. ముందు బరువు కనుక్కుంటాడు. దాన్నిబట్టి ఎన్ని గారెలో, పెరుగు ఎంతో, నేతి గరిటెలు ఎన్నో లెక్క కట్టి చెబుతాడు. భోజనం ఒంటిగంటకి, వైవా రెండింటికి. కడుపు నిండిన జంతువు పక్కనుంచి జింక వెళ్ళినా తల తిప్పదుట. ఇన్నేళ్ళలో ఒక్క ఎగ్జామినరూ మూడో ప్రశ్న దాకా మెలకువగా లేడు. పిల్లలు భయపడతారే, పాపం, అంటాడు."

మెట్రోలో, పెళ్ళిలో, వీధిలో, కనిపించిన ప్రతివాడినీ ఎక్కించి చేసిన సాధన అంతా ఇందుకా అనిపించింది కౌముదికి. భయం సగం తగ్గింది. "మరి వైదేహి మేడమ్‌కి ఎన్ని గారెలాంటీ?"

కమలాదేవి గరిటె ఆపింది. "అదే నాకూ తెలియట్లేదమ్మాయ్. ఆవిడకేమీ వండొద్దన్నాడు. గ్లాసుడు మజ్జిగ చాలన్నాడు."

తగ్గిన సగం భయం రెట్టింపై తిరిగొచ్చింది. అందరికీ కడుపునిండా పెట్టి, అసలు తినబోయే మనిషిని ఆకలితో కూర్చోబెడుతున్నారు. నాలుగో చాప్టర్ మీద కోపం ఇలా తీర్చుకుంటున్నారా అనుకుంది కౌముది. అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే మళ్ళీ అనుకుంది. కమలాదేవి మాత్రం "ఆయన వద్దంటే ఇంటికొచ్చిన ఆడమనిషిని పస్తుంచుతానా?" అని ఇంకో క్యారేజీ కట్టి చేతికిచ్చింది.

రెండు గంటలకి సెమినార్ హాల్లో సుబ్బరాయుడు అధ్యక్ష స్థానంలో కూర్చుని, "ప్రారంభించండి" అన్నాడు. ఆ తర్వాత ఆయన అన్నది వినపడలేదు. మొదటి స్లైడు మారేసరికి గడ్డం ఛాతీమీదకి వాలింది. నూట నాలుగు కిలోల లెక్క గరిటెతో సహా సరిపోయింది. ఆయన పక్క కుర్చీలో, కాళ్ళు నేలకి ఆననంత చిన్నగా, కళ్ళజోడులోంచి రెండు మిరపగింజల్లాంటి కళ్ళతో, కౌముది ఇవ్వబోయిన క్యారేజీ వద్దని గ్లాసుడు మజ్జిగ మీద వైదేహిగారు కూర్చుంది. ఎంత మెలకువగా ఉందంటే, ఆవిణ్ణి చూస్తే ఎదుటివాళ్ళకి నిద్ర తేలిపోతుంది.

ఆవిడ మొదటి మూడు చాప్టర్లూ తెరవలేదు. తిన్నగా నాలుగోది తీసింది. "మీ గైడ్‌గారు పెద్దది చిన్నదాన్ని తింటుందంటారు. నువ్వు చిన్నది పెద్దదాన్ని తింటుందంటావు. రెండూ ఒకే అట్టలో కుట్టించావు. ఒకటి తప్పయి తీరాలి. ఏది?"

హాల్లో ఫాను చప్పుడు, సుబ్బరాయుడి గురక. కౌముది గురువుగారి వైపు చూసింది. ఆయన సంచిని ఒళ్ళో పెట్టుకుని పైకప్పు చూస్తున్నారు. ఇంతమందిలో ఆ మనిషి ముప్పై ఏళ్ళ పనిని తప్పని ఎలా అనడం? చాప్టర్ పోతే పోయిందిలే అనుకుంది. "మేడమ్, నాలుగో చాప్టర్... నేను చూసిన పురుగులు కొన్నే. బహుశా నాదే..."

అచ్యుతరామయ్యగారు లేచారు. ముందుకొచ్చి, సంచిలోంచి మెషిన్ తీసి, వైదేహిగారి బల్లకి ఎదురుగా నేలమీద పెట్టి, చెప్పులు విప్పి, ఎక్కి నిలబడ్డారు.

"ఎనభై నాలుగు" అన్నారు, ముల్లు చూసుకుని. "ఇక్కడ నిద్రపోతున్నవాణ్ణి వదిలేస్తే నేనే పెద్దవాణ్ణి. తప్పు నాది. తినాల్సి వస్తే నన్ను తినండి. ఆ పిల్ల చూసింది నిజం. నేను మోకాళ్ళమీద కూర్చుని చూశాను."

హాల్లో ఎవరూ నవ్వలేదు. మెషిన్ మీద నిలబడ్డ మనిషిని చూసి నవ్వు రాకపోవడం తార్నాక చరిత్రలో అదే మొదటిసారి. కౌముదికి కళ్ళు చెమర్చాయి, ఆ వెంటనే ఎక్కడలేని తెగువా వచ్చింది.

"సార్, మీరు దిగండి. రెండూ తప్పు కాదు మేడమ్" అంది. "సార్ సూత్రం మింగేవాళ్ళకి. మింగేదానికి నోరెంతో ఆహారం అంతే. నీటి నల్లి మింగదు. పట్టుకుని, సూదిలాంటి మూతి గుచ్చి, లోపలంతా కరిగించి జుర్రుకుంటుంది. దానికి నోటి కొలతతో పనిలేదు, పట్టు వదలని చేతులుంటే చాలు. చెరువులో చాలావాటికి బరువు చూస్తే సరిపోతుంది. కొన్నిటికి మాత్రం ఎలా తింటుందో కూడా అడగాలి."

వైదేహిగారు థీసిస్ మూసేసింది. "ఇంక నా దగ్గర ప్రశ్నల్లేవు. డిగ్రీ ఇవ్వొచ్చు" అంది.

చప్పట్లకి సుబ్బరాయుడు ఉలిక్కిపడి లేచి, "నేనడగాలనుకున్నవన్నీ మేడమ్ అడిగేసినారు" అని సంతకం పెట్టాడు.

జనం వెళ్ళాక వైదేహిగారు చేతులు కడుక్కొచ్చింది. "ఇంక తినొచ్చా? పొద్దుట్నుంచీ ఆకలితో చస్తున్నాను" అంది. కౌముది గబగబా క్యారేజీ విప్పి విస్తరి వేసింది. ఆవిడ గారె తుంచుతూ, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. "ఎగ్జామినర్ల పేర్లు పంపేది గైడే కదా. మొదటి పేరు నాదే రాశాట్ట మహానుభావుడు. పైగా ఫోన్ చేశాడు. మూడు చాప్టర్లు నావే, చదవక్కర్లేదు, నాలుగోది ఈ పిల్లది, అది చదవగలిగేదానివి నువ్వొక్కదానివే అన్నాడు. ఆ రోజు నీకు అన్నం పెట్టను, ఏమీ అనుకోకు, నువ్వు మేలుకుని ఉండాలి అన్నాడు. వీడికి మతి పోయిందనుకున్నాను. ఇందాక మీ హెడ్‌ని చూశాక అర్థమైంది."

కౌముది చేతిలో నేతిగిన్నె కింద పెట్టేసింది. ఇన్నేళ్ళుగా శిష్యుల్ని కాపాడటానికి ఎగ్జామినర్లని నిద్రపుచ్చిన మనిషి, తన కోసం ఒక్కరిని, అదీ తన సూత్రాన్ని తినేసే మనిషిని వెతికి, మేలుకొలిపి తెచ్చారు. పొద్దున వంటింట్లో తను అనుకున్న మాట గుర్తొచ్చి, ఏడవాలో నవ్వాలో తెలియక గురువుగారి కోసం చూసింది.

ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. నలభై మూడు కిలోల వైదేహిగారు అప్పటికి గారెలు ముగించి, పులిహోర దాటి, సుబ్బరాయుడి క్యారేజీలో మిగిలిన చక్కెర పొంగలి కూడా లాక్కుని, దప్పళం కోసం గిన్నె వంచుతోంది. లెక్కలన్నీ తలకిందులవుతుంటే అచ్యుతరామయ్యగారు పిల్లాడు సర్కస్ చూసినట్టు కళ్ళు విప్పార్చి చూస్తున్నారు.

"సార్" అంది కౌముది దగ్గరికెళ్ళి.

"ష్" అన్నారాయన. "నీ నాలుగో చాప్టర్ భోంచేస్తోంది. అప్పడం కావాలేమో కనుక్కో."